నూనె పేరుకున్న పొద్దు

డిసెంబరు వస్తే చాలు
పీణ్యాలో మా వఠారం కొబ్బరినూనెలన్నీ మొండికేస్తాయి.
నీలం డబ్బా తలకిందులు చేసి
అరచేతిలో ఎంత కొట్టినా ఒక్క చుక్క రాలదు.
మా ప్రొద్దుటూరులో ఎప్పుడన్నా పేరుకున్నా
వాకిట్లో పెడితే పళ్లు తోముకునేలోగా కరిగేది.
బెంగుళూరులో ఎండకే స్వెటరు కావాలి.

హెయిర్‌పిన్ను లోపలికి దూర్చి
బెల్లం గీకినట్టు గీకుతాను.
అరచేతుల మధ్య నలిపితే
ముందు జిడ్డు, తర్వాత వేడి, ఆఖరికి వాసన.

పక్క వాటాలో లిజియమ్మ.
ముసలివాళ్ల ఇళ్లకు వెళ్లే రాత్రి నర్సు.
డ్యూటీ దిగి వచ్చి ఏడింటికి తాలింపు వేస్తుంది
కొబ్బరినూనెతో!
వచ్చిన కొత్తలో ముక్కు మూసుకున్నాను.
తలకు పెట్టేది పొయ్యి మీద పెడతారా అని
రెడ్డమ్మత్తకు ఫోను చేసి మరీ నవ్వాను.
మాకు వంటంటే చెనిక్కాయ నూనె.
కొబ్బరినూనె అంటే జడ, రిబ్బను, బడి గంట.
అది బాత్రూం గూట్లోంచి దిగి
వంటగట్టు దాకా నడిచొస్తుందని ఎవరనుకున్నారు?

వానల్లో చికున్‌గున్యా వచ్చి
వేళ్లు గిన్నెను కూడా పట్టని వారం,
లిజియమ్మ గంజి తెచ్చింది.
పక్కన ఉడికించిన పెసలు,
వాటి మీద కాచని కొబ్బరినూనె ఒక చెంచా.
వద్దనడానికీ ఓపిక లేక తిన్నాను.
చెప్పకూడదు గానీ, గిన్నె నాకాను.
తర్వాత అదే సీసా, అదే చెంచా.
నా మణికట్ల మీద వంచి మెల్లగా రుద్దుతూ
"ఒళగె ఒందు, హొరగె ఒందు" అంది.
లోపలికొకటి, బయటికొకటి.
ఆమెకూ రాని కన్నడం, నాకూ రాని కన్నడం,
అందులోనే మేమిద్దరం చక్కగా మాట్లాడుకుంటాం.

మంచాన పడ్డ మనుషుల సంగతీ అప్పుడే చెప్పింది.
రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలట,
నడుముకూ మడమలకూ పలచగా నూనె పూయాలట.
"చర్మం ఒకసారి అలిగిందా,
మళ్లీ మాట్లాడదు."

ఫ్యాక్టరీలో మాత్రం నూనె నేరం.
తెల్ల చొక్కాల లైను మాది, నేను కాలర్లు కుడతాను.
జిడ్డు వేలు తగిలితే పీసు రిజెక్టు.
సూపర్‌వైజరు నంజేగౌడ ఒక్కో చొక్కానూ
ట్యూబులైటుకు ఎత్తి ఎక్స్‌రేలా చూస్తాడు.
అందుకే ఆరు రోజులు నా చేతులు ఎండే ఉంటాయి,
దారం కోసిన గీతల్లో దూది ఇరుక్కుని.
ఒంటికి నూనె రాసుకుని ఇసుకలో పొర్లినా
అంటేదే అంటుతుందని మా అవ్వ అనేది.
నూనె లేకుండానే నాకు దూది అంటింది.

శనివారం రాత్రి మాత్రం పండగే.
మడమల పగుళ్లకు, మోచేతులకు,
నవ్వితే చిట్లే పెదాల మూలలకు,
వేలికి ఇంకా మిగిలితే తలుపు బందుకు.
అది కిర్రుమంటే ఓనరమ్మ లేస్తుంది.

ఇవాళ సోమవారం.
గోడ మీద ఎండ పడ్డ జానెడు చోట
ఆమె సీసా, నా డబ్బా పక్కపక్కన నిలబెట్టాం.
ఆమె దాని మీది అక్షరాలు నాకు చదవడం రాదు,
నా దాని మీదివి ఆమెకు రావు.
ఏది ముందు కరిగితే దాంతోనే
ఆమె బీన్స్ వేపుడు, నా జడ, నా దోసె.

తొందరలో సబ్బుతో సరిగ్గా కడుక్కోలేదేమో,
మధ్యాహ్నం ఒక కాలరు మడత తిప్పుతుంటే
గుప్పుమంది, సన్నగా, కరివేపాకుతో సహా.
మరక లేదు. నంజేగౌడ ఎత్తి చూసి
పక్కన పడేశాడు, పాసు.

ఆ చొక్కా ఏ దేశం పోతుందో,
ఏ మెడకు తగులుతుందో నాకు తెలీదు.
పదకొండు గంటల మీటింగులో
ఉన్నట్టుండి అతనికి ఆకలేస్తే
ఆ తప్పు నాది కాదు.